పాము నోట్లో రూపాయి బిళ్ళ

పోయిన వారం మనం నాగమణిని పాముల గుంటలో, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లతో, చేతిలో మైకుతో, చుట్టూ మూడు బస్సుల జనంతో వదిలేసి వచ్చాం. ఈ వారమే కథను చేతికందుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ నడుమ జనార్ధన్ రెడ్డికి ఎనభై ఎకరాల రాళ్ళనేల ఉంది. జొన్న కూడా సరిగ్గా మొలవని ఆ నేల రెండువేల సంవత్సరం దాటాక వెంచర్ అయి కూర్చుంది. ఆదివారం వస్తే అల్వాల్ నుంచి, కొంపల్లి నుంచి ఉచిత బస్సులు. బస్సు దిగితే బిర్యానీ పొట్లం, పొట్లం తిన్నాక పాముల షో, షో అయ్యాక ప్లాట్లు. ప్లాటు చూడడానికి రాని మనిషి పామును చూడడానికైనా వస్తాడని ఆయన ఎత్తు. చుట్టుపక్కల పదూళ్ళలో ఎక్కడ పాము కనబడినా కబురు వెళ్ళేది గండయ్యకే కాబట్టి ఆయన్నే పిలిపించి, గుండ్రంగా ఒక గుంట తవ్వించి, చుట్టూ నడుమెత్తు గోడ కట్టించాడు. గండయ్య పాముల్ని చూసుకుంటాడు. మొగుడు పోయాక తండ్రి దగ్గరే ఉంటున్న నాగమణి, ముప్పై ఆరేళ్ళ మనిషి, పాముల గురించి జనానికి చెబుతుంది.

రెండేళ్ళు బాగానే నడిచింది. తర్వాత కస్టమర్లు "పాములు కదుల్తలేవు" అని గొణగడం మొదలుపెట్టారు. అప్పుడు దిగాడు రంగంలోకి జనార్ధన్ రెడ్డి బావమరిది యాదగిరి రెడ్డి. ముంగిసను తెచ్చి కొట్లాట పెట్టమన్నాడు. పెట్టనంది నాగమణి. జనార్ధన్ రెడ్డి తీర్పు చెప్పాడు: ఈ ఆదివారం జనం చప్పట్లు కొట్టకపోతే సోమవారం పొద్దున్నే జేసీబీ వస్తుంది, గుంట పూడుతుంది. మా పాముల్ని మేం తీసుకుపోతామంటే, నా గుంటలోవి నావే అన్నాడు. అంటే ముప్పై ఒక్క పాములూ మట్టి కింద ఉంటాయన్నమాట.

అదిగో, ఆ ఆదివారమే ఇది. శ్రావణమాసం, మధ్యాహ్నం మూడున్నర.

నాగమణి షోకి ఒక పద్ధతి ఉంది. ముందు జెర్రిపోతు. అది ఎలుకల్ని తిని రైతు గింజలు ఎలా కాపాడుతుందో చెబుతుంది. తర్వాత అద్దాల పెట్టెలో కట్లపాము. చివరికి నాగుపాము. దేన్నీ తోక పట్టి లాగదు, కర్రతో పొడవదు. పక్కకు చిల్లు కొట్టి బోర్లించిన కుండ ముందు కూర్చుని, కబుర్లు చెబుతూ, లోపలున్నది తనంతట తాను వచ్చేదాకా చూస్తుంది. అది వచ్చి, పడగ ఎత్తి, ఎదురుగా ఉన్న మనిషి కదలదని తెలిశాక పడగ దించి, తన దారిన తాను పోతుంది. "పడగ లేపినప్పుడు గాదు, దించినప్పుడు కొట్టుండ్రి చప్పట్లు" అంటుంది నాగమణి. భయంతో వచ్చినవాడు భయం తగ్గి ఇంటికి పోవాలి, రేపు పెరట్లో పాము కనబడితే కర్రకోసం కాకుండా గండయ్యకోసం వెతకాలి, మంచి షో అంటే అదీ అని ఆమె నమ్మకం. సర్కసు చూద్దామని వచ్చినవాడికి ఈ నమ్మకం ఎక్కుతుందా? ఎక్కదు.

ఆ రోజు నాగుపాము కుండలోంచి రానే లేదు. మబ్బు పట్టి చల్లగా ఉంది, పైగా రెండు రోజుల కింద ఎలుకను మింగింది. దానికి బయట ఏం పని?

"ఇంకెంతసేపమ్మా?" అన్నాడు గోడ మీదికి వంగిన ఒకాయన.

"జర ఓపిక వట్టుండ్రి సార్. మనింటికి సుట్టాలొస్తే మనం మాత్రం తలుపు ఉరికొచ్చి తీస్తమా? ఎవలొచ్చిండ్రో కిటికీలకెల్లి సూస్తం గదా. అదీ గంతే."

నలుగురు నవ్వారు. నూరుమంది నవ్వలేదు. ఎవడో వేరుశనగ పొట్లం ఉండచుట్టి కుండ మీదికి విసిరాడు. ఇంకెవడో గులకరాయి విసిరాడు. "ప్లాస్టిక్ పామేమోరా" అని ఒక గొంతు. గుంట అంచున తండ్రి గండయ్య రెండు చేతులూ ఎత్తి, "రాళ్ళెయ్యకుండ్రి, దండం వెడత" అని తిరుగుతున్నాడు. అరవై ఐదేళ్ళ మనిషి. వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని జనార్ధన్ రెడ్డి ఇదంతా చూస్తున్నాడు. చప్పట్లు ఇంకా పడలేదు.

యాదగిరి రెడ్డి ఇక ఆగలేకపోయాడు. ఇస్త్రీ చెదరని తెల్లబట్టలతో, బూట్లతో, గోడ మీదినుంచి గుంటలోకి దూకాడు. నాగమణి చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"ఇగ అసలు షో సూడుండ్రి!" అని కుండను కాలితో తన్నాడు.

కుండ పగిలింది. నిద్రపోతున్న మనిషి మీదినుంచి దుప్పటి లాగితే ఎలా లేస్తాడో నాగుపాము అలాగే లేచింది, మూరెడెత్తు, పడగ విప్పి. గోడ చుట్టూ ఉన్న జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్న ఆ చప్పుడు వినగానే నాగమణికి ఏడుపొచ్చింది.

"కదలకు సార్" అంది పెదవి కదలకుండా. "ఊగకు. గట్లనే నిలబడు."

చప్పట్లు విన్నవాడు వింటాడా! చేతిలోని మైకును దాని పడగ ముందు ఊపాడు. పాము బుస్సుమని ముందుకు దూకింది. నోరు మూసుకునే దూకింది. బెదిరించడానికి నాగుపాము చేసే పని అదే, మూతితో గుద్ది వెనక్కి పోతుంది. మోకాలికి తగిలిందో లేదో, యాదగిరి రెడ్డి "అవ్వా!" అని అరిచి వెనక్కి నడిచి, పాములు నీళ్ళు తాగే సిమెంటు తొట్టిలో కూలబడ్డాడు. ఆ "అవ్వా" మైకులో పడి ఎనభై ఎకరాలకూ వినబడింది.

జనం పగలబడి నవ్వారు. "పాముకన్న నీ షోనే మస్తున్నదన్నా!" అని అల్వాల్ బస్సులోంచి దిగిన కుర్రాడొకడు అరిచాడు. మళ్ళీ నవ్వులు. ఆడవాళ్ళు కూడా కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. పాము అప్పటికే పడగ దించి, రాతి సందులోకి జారుకుంటోంది.

పాము కరవలేదు కాని, ఆ నవ్వు విషంలా ఎక్కింది వాడికి. ఒళ్ళంతా బురదతో పైకి ఎక్కి, హద్దురాళ్ళు పాతే కూలీల దగ్గర ఉన్న గడ్డపార తీసుకున్నాడు. పారలు పట్టిన ముగ్గురు మనుషుల్ని వెంటేసుకుని మళ్ళీ గుంటలోకి దిగాడు.

మొదటి దెబ్బ జెర్రిపోతు కుండ మీద పడింది. పెంకులతోపాటు అది కూడా రెండైంది. రెండో దెబ్బకి ఇంకో కుండ. మూడో దెబ్బకి అద్దాల పెట్టె పగిలి, కట్లపాము గాజుముక్కల మీద మెలికలు తిరుగుతుంటే ఒకడు బండరాయి ఎత్తేశాడు. నెత్తురు తెల్లని ఇసుక మీద చారలు చారలుగా పడింది. గోడ చుట్టూ ఉన్నవాళ్ళు వెనక్కి జరిగారు. నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది.

గండయ్య గుంటలోకి దూకాడు. ఆ వయసులో ఎలా దూకాడో ఆయనకే తెలియాలి. రాతి సందుకి అడ్డంగా నిలబడి, కుడిచెయ్యి చాపాడు.

"పటేలా, నీ కాల్మొక్త. నన్ను కొట్టు. అవి ఏం జేసినయ్ నిన్ను?"

"నిన్నే గొడ్తరా ముసలోడా!"

గడ్డపార మణికట్టు మీద పడింది. పచ్చికట్టె విరిచిన చప్పుడైంది. యాభై ఏళ్ళుగా ఎన్ని వందల పాముల్ని నొప్పి తెలియకుండా పట్టిందో ఆ చెయ్యి, ఇప్పుడు మణికట్టు దగ్గరనుంచి వేరే దిక్కుకి తిరిగి వేలాడుతోంది. గండయ్య మెల్లగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

నాగమణి పులిలా మీద పడింది. యాదగిరి రెడ్డి మెడ మీద ఆమె గోళ్ళు నాలుగు గీతలు గీశాయి. అంతలో వెనకనుంచి ఒకడు జుట్టు పట్టి లాగి, ఆమె ముఖాన్ని గోడకేసి అదిమాడు. సిమెంటు గరుకు చెంపని చీరేసింది. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. అదిమిన ముఖంతో, ఒక కంటితో, ఆమె మిగతాదంతా చూసింది. రాళ్ళు లేపారు. నాగుపామును బయటికి గుంజారు. యాదగిరి రెడ్డి తన మనిషి చేతిలోని పార అందుకుని ఒక్క వేటు వేశాడు. తల జానెడు దూరంలో పడింది. మొండెం ఇంకా చుట్టలు చుట్టుకుంటూనే ఉంది.

"ఇప్పుడు నవ్వుండ్రి!" అని అరిచాడు యాదగిరి రెడ్డి జనం వైపు తిరిగి.

ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దావిడ గొంతు లేచింది. అల్వాల్ నుంచి వచ్చిన విజయమ్మ, ఇద్దరు కొడుకులకీ చెరో ప్లాటు రాయించుకుందామని ఆ రోజే బయానా డబ్బు పట్టుకొచ్చిన మనిషి.

"శ్రావణమాసంల నాగుపామును నరుకుతరా? మీ చేతులు వడిపోను! గీ భూమిల ఇల్లు గట్టుకుంటే మా ఇంట్ల దీపం వెట్టేటోడు మిగులుతడా? నాకొద్దు మీ ప్లాటు. పాండ్రి, బస్సెక్కుండ్రి."

ఆవిడ వెనక పదిమంది కదిలారు. పదిమంది వెనక వందమంది. అప్పటిదాకా పాము చావకుండా కర్ర విరగకుండా నీడలో కూర్చున్న జనార్ధన్ రెడ్డి కుర్చీ తన్నుకుని లేచాడు. ముసలివాడి చెయ్యి విరిగినప్పుడు లేవని మనిషి, బస్సు ఇంజను చప్పుడికి లేచాడు.

"అమ్మా, అమ్మా, జర ఆగుండ్రి! తప్పైంది. పోరడు ఆవేశపడ్డడు. మీ ముంగట్నే శాస్త్రం ప్రకారం దహనం జేపిస్త. మనిషికి జేసినట్టే జేపిస్త. దోషం లేకుంట వోతది." బావమరిది వైపు తిరిగి పళ్ళు కొరికాడు. "జంపినోడే జెయ్యాలె. దిగురా!"

నాగుపామును చంపితే ఊళ్ళల్లో చేసే తంతు మీకు తెలిసే ఉంటుంది. దాని నోట్లో నాణెం పెట్టి, పాలు పోసి, నెయ్యి వేసి కాలుస్తారు. బిర్యానీ పొయ్యి దగ్గరినుంచి కట్టెలొచ్చాయి. టీ కొట్టు నుంచి పాలపొట్లం వచ్చింది. ఎవరో ఆఫీసులో దేవుడి పటం దగ్గరున్న నెయ్యి సీసా తెచ్చారు. జనం మళ్ళీ గోడ చుట్టూ చేరారు, ఈసారి చేతులు కట్టుకుని. నాగమణి జుట్టు పట్టుకున్నవాడు కూడా భక్తితో చెయ్యి వదిలేశాడు. ఆమె తండ్రి దగ్గరికి పాకి, చీర కొంగు చింపి, విరిగిన చేతిని ఒక పెంకుకి ఆనించి కట్టసాగింది.

మొండేన్ని కట్టెల మీద పెట్టారు. వేపరొట్ట మీద తలను పెట్టారు. యాదగిరి రెడ్డి మోకరిల్లి, జేబులోంచి రూపాయి బిళ్ళ తీశాడు. చంపేటప్పుడు లేని భయం ఇప్పుడు పట్టుకుంది వాడిని. పెదవులు ఏదో స్తోత్రం గొణుగుతున్నాయి.

నాగమణి తల ఎత్తింది.

ఆమె షో చివర, ప్రతి ఆదివారం, ఇంటికి పోబోయే జనాన్ని ఆపి మరీ చెప్పే మాట ఒకటుంది. "సచ్చిన పామునైనా ముట్టకుండ్రి. తల తెగినంక గూడ గంటసేపు దానికి కరిశే గుణం పోదు. నోట్ల వేలు వెడితే మూస్తది." రెండేళ్ళలో వంద ఆదివారాలు చెప్పి ఉంటుంది. యాదగిరి రెడ్డి షో మొత్తం ఏనాడూ నిలబడి చూడలేదు. ఈరోజు ఆ మాట దాకా ఆమెను రానివ్వనూ లేదు.

తల నరికి పావుగంట కూడా కాలేదు. వాడు ఎడమచేత్తో తలను పట్టుకుని, కుడి బొటనవేలితో దవడ తెరవబోతున్నాడు. ఒక్క మాట చాలు. "వద్దు" అంటే చాలు. ఆ మాట ఆమె నాలుక చివరకి వచ్చింది కూడా. చేతికింద తండ్రి మణికట్టు ఎముక కదిలింది. గండయ్య పళ్ళ మధ్యనుంచి చిన్న మూలుగు వచ్చింది.

అప్పుడే యాదగిరి రెడ్డి తల ఎత్తి ఆమె వైపు చూశాడు. ఎందుకు చూశాడో! పాముల మనిషి కదా, సరిగ్గానే చేస్తున్నానా అని అడిగినట్టుగా చూశాడు. వాడి కళ్ళలోకి ఆమె సూటిగా చూసింది. నోరు తెరవలేదు.

వాడు బొటనవేలు లోపలికి దూర్చాడు.

తల కరుచుకుంది. రూపాయి బిళ్ళ ఎగిరి ఇసుకలో పడింది. వాడు లేచి చెయ్యి విదిలించాడు, మొండెం లేని తల బొటనవేలికి వేలాడుతూ ఊగింది తప్ప ఊడలేదు. దవడలు నములుతున్నాయి. వాడి కేక విని బస్సుల దగ్గరున్న డ్రైవర్లు కూడా పరిగెత్తుకొచ్చారు. గుంటలో ఉన్న ముగ్గురూ గోడెక్కి పారిపోయారు. చివరికి నాగమణే వెళ్ళి, పుల్లతో దవడలు విడదీసి, తలను ఊడబెరికి మంటలో వేసింది. బొటనవేలి మొదట్లో రెండు రంధ్రాలు, వాటినుంచి నల్లటి నెత్తురు.

"నాగన్న పగవట్టిండు" అని విజయమ్మ చేతులు జోడించింది. ఒకడు తాడు కట్టమన్నాడు. ఒకడు బ్లేడు తెమ్మన్నాడు. ఒకడు మంత్రం వేసే మనిషి ఎక్కడో ఉన్నాడన్నాడు.

"ఏం కట్టొద్దు, ఏం కొయ్యొద్దు!" అంది నాగమణి. ఆ గొంతు తనదే అని ఆమెకే నమ్మకం కలగలేదు. "నడ్వనియ్యకుండ్రి, ఎత్తుకపోండ్రి. జీపు దీయ్యి సర్ఫరాజూ! పట్నం పెద్దాసుపత్రికి" అని సైటు జీపు డ్రైవరు వైపు తిరిగి అరిచింది. ఆఫీసు ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకుల వెనక విషం విరుగుడు సీసాలు పది ఉంటాయి, తనకో తండ్రికో అవసరపడతాయని దాచుకున్నవి. పరిగెత్తి ఆ డబ్బా తెచ్చింది. డాక్టరే ఎక్కించాలి, కాని ఆసుపత్రిలో లేకపోతే పనికొస్తుంది.

తండ్రిని కూడా జీపు ఎక్కించబోయింది. జనార్ధన్ రెడ్డి అడ్డం నిలబడ్డాడు.

"ముసలోడు ఈడనే ఉంటడు. యాదగిరి బతికొచ్చిందంక ఉంటడు." సైటు మేస్త్రీని పిలిచాడు. "గుంటల గూసోవెట్టు. కదిల్తే రెండో చెయ్యి గూడ తియ్యి. మిగిలిన పాములు ఎన్నున్నయో గవిటి నడుమ గూసుంటడు." తర్వాత నాగమణితో, అదే గొంతుతో అన్నాడు, "నా బామ్మర్దికి ఏమన్నా అయితే జేసీబీ రేపటిదాంక ఆగదు. అర్థమైంది గదా?"

ఆమెకు అర్థమైంది. వంగి తండ్రి చెవిలో "పొద్దుగూకే లోపల వస్త నాయినా" అంది.

గండయ్య ఆమె చీరుకుపోయిన చెంప వైపు చూశాడు. "వాడు బిళ్ళ వెట్టేటప్పుడు జెప్పలేదేంది బిడ్డా?" అన్నాడు మెల్లగా. కోపం లేదు ఆ మాటలో. అదే ఆమెను కోసేసింది. విరుగుడు డబ్బా చంకన పెట్టుకుని జీపు ఎక్కింది.

సర్ఫరాజ్ జీపు శామీర్‌పేట చౌరస్తా చేరేసరికి పావుగంట పట్టింది. చెరువు కట్ట మీద ఆదివారం జనం, మొక్కజొన్న బండ్లు, కరీంనగర్ బస్సులు. సర్ఫరాజ్ హారను మీదినుంచి చెయ్యి తియ్యలేదు. వెనక సీట్లో యాదగిరి రెడ్డి తల నాగమణి ఒళ్ళో ఉంది. అలా పడుకోబెట్టాల్సి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. వాడి మెడ మీద ఆమె గీరిన నాలుగు గీతలూ ఆమెకే కనబడుతున్నాయి. చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. ముందు సీట్లో జనార్ధన్ రెడ్డి ఒక చేత్తో సెల్‌ఫోను, ఒక చేత్తో హాండిలు పట్టుకుని వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

తూంకుంట దగ్గర వాడి రెప్పలు వాలడం మొదలైంది. లేపబోతే లేవడం లేదు. నోటి చివరనుంచి చొంగ కారుతోంది.

"నిద్రస్తాందా యాదీ?" అన్నాడు జనార్ధన్ రెడ్డి.

"నిద్ర గాదు సార్" అంది నాగమణి. "విషం ఎక్కుతాంది. ముందుగాల రెప్పలు, తర్వాత నాలుక, తర్వాత ఊపిరి."

"బావా..." యాదగిరి రెడ్డి నాలుక మందంగా తిరిగింది. ఒక్కో మాటకీ ఆయాసపడుతున్నాడు. "గామె... నా దిక్కే... సూసింది. తెల్సు... గామెకు. జెప్పలే."

జనార్ధన్ రెడ్డి ఆమె ముఖంలోకి చూశాడు.

"తెగిన తల కరుస్తదని నీకు తెల్సా?"

ముందు అద్దంలోంచి సర్ఫరాజ్ కళ్ళు ఆమె కళ్ళని పట్టుకున్నాయి. ఆమె చెప్పే ఆ ఆఖరి మాట అతను నూరుసార్లు విన్నవాడే. ప్రతి ఆదివారం గోడకానుకుని చాయ్ తాగుతూ వినేవాడు. "గామెకెట్ల తెలుస్తది పటేలా?" అన్నాడు గబుక్కున. "పాములోళ్ళకు గూడ తెల్వది గట్ల కరుస్తదని. అల్లా కసం, నేను ఎన్నడు ఇన్లే."

అబద్ధం. ఆమె కోసం, ఆమె తండ్రి కోసం అల్లా మీద ఒట్టేసి ఆడిన అబద్ధం. ఆమె చెయ్యాల్సిందల్లా తల ఊపడమే. గుంటలో విరిగిన చేతితో కూర్చున్న నాయిన ప్రాణం ఆ ఒక్క తల ఊపులో ఉంది. ఊపుదామనే అనుకుంది.

ఒళ్ళో ఉన్న తల బరువెక్కింది. వాడి కళ్ళు తెరుచుకోవడం లేదు కాని వింటున్నాడు, ఆమెకు తెలుసు. ఈ విషం మనిషిని ఆఖరిదాకా విననిస్తుంది. నిజంగా చెప్పాలంటే ఆ క్షణంలో నాగమణికి వాడి మీద జాలి లేదు. వాడు చస్తే బాగుండునని కూడా ఒక మూల ఉంది. కాని తాను చేసిన పని మీద ఇంకో మనిషి దేవుడి పేరు పెట్టి బురద కప్పడం ఆమె ఓర్చుకోలేకపోయింది.

"తెల్సు సార్" అంది. "తెల్సే సప్పుడుజెయ్యలే. మా నాయిన చెయ్యి ఇరిగిన చప్పుడు నా చెవులకెల్లి ఇంక పోలేదు. గందుకే."

సర్ఫరాజ్ "యా అల్లా" అని గొణిగాడు. జీపు ఒక్క క్షణం తూలింది.

జనార్ధన్ రెడ్డి ముఖంలో ఏమీ కదల్లేదు. అది చూస్తేనే భయమేసింది ఆమెకు. "బండి ఆపు" అన్నాడు.

"పటేలా, ఇంకా పదిహేను కిలోమీటర్లు..."

"ఆపమన్న!"

"ఆపకు సర్ఫరాజూ!" అని అరిచింది నాగమణి. ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఆమె అరచేతి కింద యాదగిరి రెడ్డి ఛాతీ ఎగసి, దిగి, మళ్ళీ ఎగయడం మానేసింది. పెదవులు నీలంగా మారుతున్నాయి. మెడ దగ్గర వేలు పెట్టింది. గుండె కొట్టుకుంటోంది. ఊపిరే లేదు. గండయ్య ఆమెకు పాము పట్టడం కంటే ముందు నేర్పింది ఇదే: నాగుపాము విషం ఊపిరిని ఆపుతుంది, ఎవరో ఒకరు ఊపిరి పోస్తూ ఉంటే మనిషి ఆసుపత్రి దాకా బతుకుతాడు. ఆపితే రెండు మూడు నిమిషాలు.

సీటు మీద చదునుగా పడుకోబెట్టి, వాడి తల వెనక్కి వంచింది. ముక్కు మూసింది. తన తండ్రి చెయ్యి విరిచినవాడి నోటి మీద నోరు పెట్టి గట్టిగా ఊదింది. ఛాతీ లేచింది. పడింది. మళ్ళీ ఊదింది. చీరుకుపోయిన చెంప వాడి గడ్డానికి రాసుకుని మండింది. తన నెత్తురు వాడి ముఖానికి అంటింది. సర్ఫరాజ్ జీపు ఆపలేదు. ఇంకా గట్టిగా తొక్కాడు.

ముందు సీట్లో సెల్‌ఫోను మీటలు నొక్కుతున్న చప్పుడు.

ఊదింది. ఛాతీ లేచింది.

"హలో, మేస్త్రీ" అన్నాడు జనార్ధన్ రెడ్డి. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "జేసీబీ డ్రైవరు ఆడనే ఉన్నడా? మంచిది. బస్సులు వోయినయా? మంచిది. ముసలోడు గుంటల్నే ఉన్నడు గదా?"

నాగమణి ఒక చెయ్యి ఎత్తి ముందుకు చాచింది. ఆయన చొక్కా పట్టుకుంది, గుంజింది. ఆయన చెయ్యి దులిపేశాడు. ఒక్క మాట చెప్పాలంటే తల ఎత్తాలి. తల ఎత్తితే కింద ఉన్నవాడికి ఊపిరి లేదు. కళ్ళు పక్కకు తిప్పి ఆయన పెదవుల వైపే చూస్తూ, చెంపల మీదుగా నీళ్ళు కారుతుండగా, ఆమె ఊదుతూనే ఉంది.

"అయితే ఇను" అన్నాడు జనార్ధన్ రెడ్డి ఫోనులో. "ఇంజను స్టార్ట్ జెయ్యమను."